తలకొక గుడ్డు: పులుసు నుంచి హాఫ్ బాయిల్ దాకా

ఎలక్ట్రానిక్ సిటీలో ఏ గుడ్ల బండి దగ్గర నిలబడినా డబ్బుల మాటకంటే ముందు వినపడేది "ఎలా కావాలి?" అనే. ఉడికిందా, ఆమ్లెట్టా, హాఫ్ బాయిలా, బుర్జీనా? ఒక్కొక్కరిది ఒక్కో జవాబు. చాలా మామూలు ప్రశ్నే. కానీ మన తాతల ఇళ్లల్లో ఈ ప్రశ్న ఎవరూ ఎవరినీ అడిగి ఉండరు. గుడ్డు ఎలా కావాలో చెప్పాలంటే ముందు ఆ గుడ్డు మొత్తం మనదై ఉండాలి కదా. మన ఇళ్లల్లోకి తలకొక గుడ్డు ఎలా వచ్చిందన్నదే ఈసారి మేం రాస్తున్న సంగతి.

పెరటి కోడి కాలం

మా పెద్దవాళ్లది చిత్తూరు వైపు పల్లె. అప్పట్లో గుడ్డంటే పెరట్లో తిరిగే నాటుకోడి గుడ్డే. ఆ కోడి ఏడాదికి 60, 70 గుడ్లు పెడితే గొప్ప. అందులో కొన్ని పొదుగుకి పెట్టాలి. కొన్ని సంతకి పోవాలి, ఇంట్లో ఆడవాళ్ల చేతి ఖర్చుకి ఆ డబ్బులే ఆధారం. మిగిలినవి జ్వరం నుంచి లేచినవాళ్లకి, ఎదిగే పిల్లలకి, చుట్టాలొస్తే కూరకి.

పదిమంది ఉన్న ఇంట్లో నాలుగు గుడ్లుంటే ఏం చేస్తారు? మన వంటలు చూస్తే ఆ లెక్క తెలిసిపోతుంది. పొరటులో గుడ్లకంటే ఎర్రగడ్డలే ఎక్కువ. పులుసులో చింతపండు, ఎర్రగడ్డలు, చిన్న బెల్లం ముక్క. గుడ్డు సగమే దక్కినా ఆ పులుసుతో సంగటి మొత్తం తినేయొచ్చు. ఉడికిన గుడ్డును కత్తితో కోస్తే పచ్చసొన కత్తికి అంటుకుని పోతుందని నూలు దారంతో కోసేవాళ్లు. సగం చెక్క మగవాళ్లకి, పిల్లలకి. వడ్డించే అవ్వ వంతుకి గుడ్డు మిగిలేది కాదు, పులుసు మిగిలేది.

ఫారం గుడ్డు వచ్చాక

ఈ లెక్కను మార్చినవాళ్లలో మొదట చెప్పుకోవాల్సింది ఒక తెలుగాయన పేరే. డాక్టర్ బండా వాసుదేవరావు 1971లో వెంకటేశ్వర హ్యాచరీస్ మొదలుపెట్టారు. కొట్టాల్లో పెంచే తెల్లకోడి ఏడాదికి 300 గుడ్ల దాకా పెడుతుంది. అయితే గుడ్లు పెరిగినా రైతు బాగుపడలేదు. ధర వ్యాపారుల చేతిలో ఉండేది, నష్టాలకు తట్టుకోలేక ఫారాలు మూతపడేవి. వాసుదేవరావు ఊరూరా తిరిగి రైతులను కూడగట్టారు. 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ఏర్పడింది. మనం పేపర్లో "నెక్ ధర" అని చూసేది దానిదే. ఆదివారమైనా సోమవారమైనా రోజూ గుడ్డు తినమని దూరదర్శన్‌లో హిందీలో మోగిన ప్రకటన కూడా వాళ్లదే.

ఇప్పుడు దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. తమిళనాడు, తెలంగాణ ఆ వెనకే ఉన్నాయి. కేంద్రం చెప్పిన 2023-24 లెక్కల్లో మనిషికి ఏడాదికి 103 గుడ్లు వస్తున్నాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ తినమనేది 180. అంటే దేశం మొత్తానికి తలకొక గుడ్డు ఇంకా రాలేదన్నమాట.

కోనప్పన అగ్రహారంలో మన ఇష్టాలు

మన ఎలక్ట్రానిక్ సిటీ కథ కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే మొదలైంది. 1976లో కర్ణాటక ప్రభుత్వం కియోనిక్స్ పెట్టింది. దాని తొలి అధిపతి ఆర్.కె. బాళిగ ఆలోచనతో కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు ఊళ్లలో 332 ఎకరాల్లో ఈ పారిశ్రామిక వాడ వెలిసింది. 1994లో ఇన్ఫోసిస్ ఇక్కడికి మారింది. చుట్టుపక్కల ఆనేకల్, హోసూరు వైపు తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉండనే ఉన్నాయి. ఆ తర్వాత ఉద్యోగాల కోసం వచ్చిన మన పిల్లలతో పీజీలు నిండాయి, వాటిని నడిపేవాళ్లూ చాలామంది మనవాళ్లే.

ఇళ్లు వదిలి వచ్చిన ఆ పిల్లలకి చేతిలో జీతం, గదిలో ఒక కరెంటు కెటిల్, కింద కొట్లో గుడ్లు. ఇంట్లో పులుసే తినాలి, ఇక్కడ ఎవరిష్టం వాళ్లది. "నాకు పచ్చసొన గట్టిగా ఉండాలి", "నాకు కారుతూ ఉండాలి" అనే మాటలు మా ఇంట్లో మొదటిసారి వినపడింది ఆ తరం నోటనే.

కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడి పేర్లతో తికమకపడతారు. హాఫ్ బాయిల్ అంటే నీళ్లలో సగం ఉడికించిందని అనుకుంటారు. ఇక్కడ, తమిళనాడులో అది పెనం మీద ఒక పక్కే కాల్చిన గుడ్డు. రెండో పక్కకి తిప్పితే ఫుల్ బాయిల్. హోసూరు దాటితే కలక్కి అని ఒకటుంది, గుడ్డు గిలకొట్టి పెనం మీద పోసి, లోపల మెత్తగా ఉండగానే మడిచి తీసేది. నీళ్లలో ఉడికించేవాళ్లకి ఇంకో సంగతి. బెంగళూరు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. నెల్లూరులో అలవాటైన నిమిషాల లెక్క ఇక్కడ సరిపోదు, గుడ్డుకి కాస్త ఎక్కువసేపు ఇవ్వాలి.

ఇప్పుడు మా ఇంట్లో అయిదుగురుం, అయిదు రకాలు. గుంటూరు నుంచి వచ్చిన మా కోడలికి టమాటా, మునక్కాడలు వేసిన గుడ్డు కూర. పెద్దవాడికి గుడ్డు దోశ. చిన్నదానికి కారే పచ్చసొన. అవ్వ బాగా ఉడికించిన గుడ్డును "రబ్బరు బంతి" అంటుంది చిన్నది. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టు! ఒకరోజు మేం అవ్వని అడిగాం, అసలు నీకెలా ఇష్టమని. చాలాసేపు ఆలోచించింది. "నన్నెవురు అడిగినారు?" అంది. తర్వాత మెల్లిగా, గాట్లు పెట్టి నూనెలో ఎర్రగా వేయించి, ఉప్పూ కారం చల్లింది ఇష్టమని చెప్పింది. పులుసు కాదు! ఇన్నేళ్లు పులుసే అవ్వకి ఇష్టమని మేమంతా అనుకున్నాం, ఆమె తినేది అదే కాబట్టి.

బడిలో గుడ్డు

ఒక గుడ్డు పూర్తిగా తమదనుకోవడం కొందరు పిల్లలకి ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2020 నుంచి వారానికి ఐదు గుడ్లు ఇవ్వసాగారు. కర్ణాటకలో 2021 డిసెంబరులో, పోషకాహార లోపం ఎక్కువున్న ఉత్తరాది జిల్లాల్లో మొదలుపెట్టారు. కొందరు మఠాధిపతులు వద్దన్నారు, మాకు కావాలని పిల్లలే బయటికొచ్చి చెప్పారు. 2024లో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ మూడేళ్లకి దాదాపు 1,500 కోట్లు ఇవ్వడానికి ఒప్పుకోవడంతో ఇది వారానికి ఆరు రోజులైంది. గుడ్డు తినని పిల్లలకి అరటిపండు ఇస్తారు. తినమని బలవంతం లేదు, తినేవాళ్లకి అడ్డూ లేదు. మాకైతే ఈ పద్ధతి న్యాయంగానే అనిపిస్తుంది. బడిలో పెట్టేది ఉడికించిన గుడ్డే, ఎలా కావాలని అడిగేవాళ్లు ఉండరు. కానీ దారంతో కోసి సగం ఇవ్వడం లేదు.

మన పాత వంటలు తక్కువ గుడ్లతో ఎక్కువమందిని తినిపించిన తెలివికి గుర్తు. వాటిని వదులుకోవద్దు. అయితే పులుసు కొలతలు రాసుకునేటప్పుడు పక్కనే ఇంకో మాట కూడా రాసిపెట్టుకోండి: మీ ఇంట్లో వడ్డించిన ఆవిడకి గుడ్డు ఎలా ఇష్టమో. అడగ్గలిగిన పెద్దవాళ్లు ఉంటే ఈ ఆదివారమే అడగండి, అడిగి అలాగే చేసి పెట్టండి. మా ఇంట్లో ఇప్పుడు వేయించిన గుడ్డు మొదట అవ్వ కంచంలోకే వెళ్తోంది.