నడిచి గెలుచుకున్న కొండలు

1932 ఏప్రిల్ 24, ఆదివారం. ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్ జిల్లాలో హేఫీల్డ్ అనే చిన్న ఊరికి జనం రావడం మొదలైంది. ఎక్కువమంది పాతికేళ్ల లోపువాళ్లే. మాంచెస్టర్ మిల్లుల్లో, కార్ఖానాల్లో పనిచేసేవాళ్లు, ఆర్థిక మాంద్యంలో పని పోగొట్టుకున్నవాళ్లు. ఊరి బయట బౌడెన్ బ్రిడ్జి క్వారీలో దాదాపు 400 మంది పోగయ్యారు. బెన్నీ రోత్‌మన్ అనే 20 ఏళ్ల కుర్రాడు వాళ్లనుద్దేశించి మాట్లాడాడు. తర్వాత అందరూ కలిసి కిండర్ స్కౌట్ కొండవైపు కదిలారు. ఆ కొండ మీద అడుగుపెట్టడానికి అప్పట్లో సామాన్యులకు అనుమతి లేదు. అందుకే బయల్దేరారు.

ఆ నడక జరిగి తొంభై ఏళ్లు దాటింది. ఇవాళ ఆ కొండల్లో ఎవరైనా నిర్భయంగా తిరగగలుగుతున్నారంటే అది ప్రభువుల దయ కాదు. వారానికి ఒక్క సెలవు దొరికే కార్మికులు తరాల తరబడి పట్టువిడవకుండా సాధించుకున్న హక్కు.

గుర్రాల బాటలు, వేట నేలలు

మాంచెస్టర్‌కూ షెఫీల్డ్‌కూ నడుమ పరచుకున్న కొండల ప్రాంతం పీక్ డిస్ట్రిక్ట్. దక్షిణాన సున్నపురాయి గుట్టలు, చెట్లు కమ్మిన లోయలు, వాగులు. ఉత్తరానికి వెళ్లేకొద్దీ చెట్లు పలచబడి, గడ్డీ హెదర్ తుప్పలూ తప్ప మరేమీ మొలవని తడినేలలు వస్తాయి. వాటినే మూర్ అంటారు. అక్కడి కొండల్లో అన్నిటికన్నా ఎత్తయినది కిండర్ స్కౌట్, 636 మీటర్లు.

ఈ కొండల్లో తొలి బాటలు వేసింది విహారానికి వచ్చినవాళ్లు కాదు. ఉప్పు, ఉన్ని మోసుకెళ్లే గుర్రాల వరుసలు శతాబ్దాల పాటు తొక్కిన దారులవి. ఈడేల్ అనే ఊరి దగ్గర కొండెక్కే నిటారు దారికి జేకబ్స్ ల్యాడర్ అని పేరు. 18వ శతాబ్దంలో జేకబ్ మార్షల్ అనే రైతు అక్కడ మెట్లు తవ్వాడంటారు. ఆ పేరు నేటికీ మిగిలింది.

మూర్ చాలావరకు ఊరుమ్మడి నేలగా ఉండేది. పశువులు మేసేవి, జనం పొయ్యిలోకి పీట్ మట్టిగడ్డలు కోసుకునేవారు. 18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు ఒకదాని వెనుక ఒకటిగా చట్టాలు చేసి ఈ ఉమ్మడి భూములను పెద్ద భూస్వాముల పరం చేసింది. వాళ్లకు అక్కడ కావలసింది పంట కాదు, గ్రౌజ్ పక్షుల వేట. ఏటా ఆగస్టు 12న మొదలయ్యే ఆ వేట కోసం ఏడాది పొడవునా కావలివాళ్లను పెట్టారు. పక్షులు బెదురుతాయన్న కారణంతో మనుషులను రానివ్వలేదు.

పొగలోంచి కొండకు

సరిగ్గా అదే కాలంలో కొండకు అటూ ఇటూ నగరాలు పెరిగాయి. మాంచెస్టర్‌లో నూలు మిల్లులు, షెఫీల్డ్‌లో ఉక్కు కొలుములు. ఆరు రోజులూ పొగలో బతికే మనిషికి ఆదివారం దొరికే గాలి ఆ కొండల్లోనే ఉంది. అక్కడికి చేరడానికి రైలుంది, కొండెక్కడానికి మాత్రం హక్కు లేదు.

అందుకని సంఘాలు పుట్టాయి. హేఫీల్డ్, కిండర్ పాత బాటలను కాపాడేందుకు 1876లో ఒక సంఘం ఏర్పడింది. 1894లో ఏర్పడిన మరో సంఘం భూస్వాములతో చర్చలు జరిపి, 1897లో హేఫీల్డ్ నుంచి స్నేక్ ఇన్ అనే సత్రం దాకా కిండర్ పక్కగా ఒక బాట తెరిపించింది. 1896లో బోల్టన్ పట్టణం దగ్గర వింటర్ హిల్ మీదికి వెళ్లే దారిని మూసేస్తే వేలమంది కలిసి ఆ దారినే నడిచారు. కోర్టులో మాత్రం ఓడిపోయారు. 1900లో జి.హెచ్.బి. వార్డ్ షెఫీల్డ్‌లో కార్మికుల కోసం క్లారియన్ నడక సంఘం పెట్టాడు. కొండల్లో తిరిగే హక్కు కోసం 1884 నుంచి పార్లమెంటులో బిల్లులు వస్తూనే ఉన్నాయి, వీగిపోతూనే ఉన్నాయి. 1932 నాటికి యువతరానికి ఓపిక నశించింది.

మనకూ ఆ కథకూ ఒక చుట్టరికం ఉంది. ఆ మిల్లులు మన దేశానికి బట్టలు అమ్మి బలిసినవే. విదేశీ వస్త్ర బహిష్కరణ దెబ్బ తగిలిన ఆ మిల్లుల సీమ లాంకషైర్‌కు 1931 సెప్టెంబరులో గాంధీజీ స్వయంగా వెళ్లి, డార్వెన్‌లో మిల్లు కార్మికులను కలుసుకున్నారు. కిండర్ నడక జరిగింది ఆ తర్వాత ఏడు నెలలకే.

నడకకు జైలు

ఆ ఆదివారం విలియం క్లఫ్ అనే లోయ వెంట పైకి వెళ్తున్న గుంపును కావలివాళ్లు కర్రలతో అడ్డుకున్నారు. తోపులాట జరిగింది. ఒక కావలి మనిషి పడిపోయాడు, అతని చీలమండకు దెబ్బ తగిలింది. నడిచేవాళ్లు ఆగలేదు. పైన, ఈడేల్ వైపు నుంచి వచ్చిన షెఫీల్డ్ బృందాన్ని కలుసుకుని, ఆనందంగా దిగి వచ్చారు. కింద పోలీసులు ఎదురుచూస్తున్నారు.

ఇతరుల భూమిలో నడిచినంత మాత్రాన ఆ దేశ చట్టం ప్రకారం క్రిమినల్ నేరం కాదు. అందుకని అరెస్టు చేసిన ఆరుగురి మీద అల్లర్లు, దాడి లాంటి అభియోగాలు మోపారు. జులైలో డెర్బీ కోర్టులో రోత్‌మన్ తన కేసు తనే వాదించుకున్నాడు. ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల శిక్ష పడింది. రోత్‌మన్‌కు నాలుగు నెలలు.

ఆ సాహసాన్ని పాత నడక సంఘాలు మెచ్చుకోలేదు. భూస్వాములతో ఏళ్లుగా నడుపుతున్న సంప్రదింపులు చెడిపోతాయని భయపడ్డాయి. కానీ జనం ఊరుకోలేదు. విన్నట్స్ లోయలో జరిగిన సభకు ఆ వేసవిలో వేలమంది తరలివచ్చారు. నడకకు జైలా అన్న ప్రశ్న దేశమంతా పాకింది.

ముప్పై ఏళ్ల బాట

1935 జూన్ 22న డైలీ హెరాల్డ్ పత్రికలో టామ్ స్టీఫెన్సన్ ఒక వ్యాసం రాశారు. పదమూడో ఏట బడి మానేసి అద్దకం కార్ఖానాలో చేరిన మనిషి ఆయన. అమెరికాలోని అపలాచియన్ బాట లాంటిది తమకూ కావాలనీ, ఇంగ్లండ్ వెన్నెముకలా సాగే పెనైన్ కొండల మీదుగా స్కాట్లండ్ సరిహద్దు దాకా దారి వేయాలనీ కోరారు. 1932 నాటి సాహసం వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదని నమ్మిన వ్యక్తి కూడా ఆయనే. ఆయన దారి ఒప్పించడం.

మన తీర్పు అడిగితే, రెండూ కలిస్తేనే కొండ తెరుచుకుంది. ప్రశ్నను దేశం ముందు పెట్టింది రోత్‌మన్ తరం. దానికి చట్టంలో జవాబు రాయించింది స్టీఫెన్సన్ లాంటివాళ్లు. ఆయన 1948లో పార్లమెంటు సభ్యులను వెంటబెట్టుకుని పెనైన్ కొండల్లో నడిపించారు. 1949లో జాతీయ పార్కుల చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్ 17న పీక్ డిస్ట్రిక్ట్ బ్రిటన్‌లో మొట్టమొదటి జాతీయ పార్కు అయింది. ఈడేల్ నుంచి స్కాట్లండ్‌లోని కిర్క్ యెథోమ్ దాకా ఆయన కోరిన ఆ బాట, సుమారు 430 కిలోమీటర్ల పెనైన్ వే, 1965 ఏప్రిల్ 24న మొదలైంది. కిండర్ నడక జరిగి ఆ రోజుకు సరిగ్గా 33 ఏళ్లు.

2000లో వచ్చిన చట్టంతో మూర్‌లలోనూ కొండల్లోనూ బాట వదిలి తిరిగే హక్కు కూడా దక్కింది. 2002 జనవరిలో రోత్‌మన్ 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మరో మూడు నెలలకు, ఆ నడక 70వ వార్షికోత్సవంలో 11వ డెవన్‌షైర్ డ్యూక్ వచ్చి, నాడు కిండర్ మీద భూములున్న తన తాత చేసింది తప్పేనని ఒప్పుకుని అందరి ఎదుటా క్షమాపణ చెప్పారు.

మిల్లు రాళ్లు

గెలుచుకున్నాక కొత్త చిక్కు వచ్చింది. మూర్ కింద ఉండేది వేల ఏళ్లుగా పేరుకున్న పీట్. బాగున్నప్పుడు స్పాంజిలా నీటిని పట్టి ఉంచుతుంది, కర్బనాన్ని గాలిలోకి వదలకుండా దాచుకుంటుంది. మిల్లుల పొగ తెచ్చిన ఆమ్ల వానలు, అగ్గి, పశువుల మేత దాన్ని బోడి చేస్తే, వేలాది బూట్లు ఇంకా కోసేశాయి. కొన్నిచోట్ల మోకాళ్ల లోతు నల్ల బురదే దారి.

అప్పుడు మూతపడిన లాంకషైర్ మిల్లుల నేలమీది బండలను పీకి, హెలికాప్టర్లతో కొండ మీదికి చేర్చి పెనైన్ వే మీద పరిచారు. 2003 నుంచి మూర్స్ ఫర్ ద ఫ్యూచర్ అనే ఉమ్మడి కార్యక్రమం బోడినేలల మీద స్పాగ్నమ్ నాచు నాటిస్తోంది. ఏ మిల్లుల నుంచి తప్పించుకోవడానికి కార్మికులు కొండెక్కారో, ఆ మిల్లుల రాళ్లే ఇవాళ ఆ కొండను కాపాడుతున్నాయి.

పోరాటం మాత్రం పూర్తి కాలేదు. 2000 చట్టం స్వేచ్ఛగా తిరగడానికి తెరిచింది ఇంగ్లండ్ నేలలో 8 శాతం మేరకే. అడవులు, నదీ తీరాలు చాలావరకు ఇంకా మూసే ఉన్నాయి.

మాంచెస్టర్‌లో, షెఫీల్డ్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లకు ఈడేల్ రైల్లో గంటలోపు ప్రయాణం. కొండకు టికెట్టు లేదు. వానకోటు, మంచి బూట్లు, మ్యాపు ఉంటే చాలు. ఒక్క ఆదివారం వెళ్లి నడవండి. బండలు పరిచిన చోట వాటి మీదే నడవండి. మార్చి నుంచి జులై దాకా నేల మీద పక్షులు గూళ్లు పెట్టుకునే కాలం, కుక్క ఉంటే తాడు వదలకండి. పీట్ నేల అంటుకుంటే లోలోపలే రోజుల తరబడి కాలుతుంది. అక్కడ నిప్పు మాత్రం రాజేయకండి.