ఒంగోలు సీమ పశువులు – ప్రదర్శనములు

గుండ్లకమ్మ, మూసి, పాలేరు, మన్నేరు అను యేళ్ళు పారు నల్లరేగడి సీమలో పుట్టి పెరిగిన తెల్లని పశువు సముద్రములు దాటి పేరు గడించినది. ఆంధ్రులు దానిని ఒంగోలు జాతి యందురు. బ్రెజిలు దేశస్థులు నెల్లూరు జాతి యందురు. ఈ రెండు పేర్లకు కారణము జిల్లాల చరిత్రయే. ఒంగోలు తాలూకా 1904 వరకు నెల్లూరు జిల్లాలో నుండెను. ఆ సంవత్సరమున గుంటూరు జిల్లా యేర్పడగా అందు చేర్పబడెను. 1970లో ఒంగోలు ముఖ్యపట్టణముగా వేరు జిల్లా వెలసి, పిమ్మట ప్రకాశం పంతులుగారి పేర వ్యవహరింపబడుచున్నది. పశువులు మొదట ఓడ నెక్కిన కాలమున జిల్లా పేరు నెల్లూరు గావున ఆ పేరే వాని వెంట పరదేశములకు పోయినది.

ఈ జాతి గిత్తను గుర్తించుట కష్టముగాదు. ఒడలు తెలుపు, తల, మెడ, మూపురము బూడిదవన్నె, ముట్టె నలుపు, కన్నుల చుట్టును కాటుక దిద్దినట్లు నల్లని అంచు, మోకాళ్ళపై నల్లని మచ్చలు. కొమ్ములు పొట్టివి, మొదట లావు. గంగడోలు మడతలు పడి వ్రేలాడుచుండును. రేగడి నేలను లోతుగా దున్నుటకును, నిండు బండిని బురదలోనుండి లాగుటకును తగిన బలము దీనికి కలదు. పరుగు మాత్రము దీని సొత్తు కాదు. పరుగున మైసూరు అమృతమహలు ఎడ్లదే పైచేయి. ఈ మాట ఒంగోలు సీమ రైతు నెదుట అన్నచో అతడు ఒప్పుకొనకపోవచ్చును, అయినను నిజమిదియే.

ఇట్టి పశువు అడవిలో తనంతట పుట్టలేదు. ఇంటింటి గాడిపాటలో తయారైనది. కోడెదూడ పుట్టిన యింట ఆవు పాలలో అధికభాగము దూడకే వదలుట ఆ సీమ రైతుల యాచారము. పిల్లలకు మజ్జిగ చాలకున్నను కోడెకు పాలు తగ్గింపరని ఇరుగుపొరుగువారు ఎత్తిపొడుచుటయు కలదు. జొన్నచొప్ప, వరిగగడ్డి, పిల్లిపెసర, జనుము మేత. ఉలవలు, పత్తిగింజలు, తెలగపిండి దాణా. కుడితి కలుపుట, దూడను తల్లి చెంత విడిచి మరల కట్టుట, ఈగలు ముసరకుండ పొగ పెట్టుట – ఈ పనులన్నియు చాలవరకు ఇంటి ఆడువారివి. అయితే బహుమతి పుచ్చుకొనుటకు పందిరిలోనికి నడచువాడు మాత్రము ఇంటి యజమానియే. ప్రదర్శనముల చరిత్రలో ఆ తల్లుల పేళ్ళు వెదకినను దొరకవు.

ఇంటి పోషణ ఎంత శ్రద్ధగా జరిగినను ఊరిలో మేలైన ఆబోతు లేనిదే మేలైన దూడ పుట్టదు. ఆ యేర్పాటు ప్రాచీనాచారము వలన జరుగుచుండెను. పెద్దవారు గతించినపుడు పదునొకండవ దినమున వృషోత్సర్గము చేసి, కోడెకు త్రిశూల చక్రముల ముద్రలు వేసి విడుచుట ఆచారము. పుణ్యమునకై విడుచు కోడె గదాయని చేతికి దొరికినదానిని విడుచుట ఒంగోలు సీమలో చెల్లలేదు. ఊరి పెద్దలు కూడి దూడ తల్లి యెట్టిది, తండ్రి యెట్టిది, సుడులు ఎక్కడ ఉన్నవి, నడక యెట్లున్నది అని విచారించి ఒప్పుకొనవలెను. విడిచిన పిమ్మట ఆ ఆబోతు ఎవరి చేనిలో మేసినను కొట్టువారు లేరు. ఊరంతయు దానికి మేత పెట్టినట్లే. ఊరి మందకంతటికి అదియే తండ్రి. శాస్త్రజ్ఞులు తరువాతి కాలమున బీజముల యెన్నిక యని పేరు పెట్టిన పనిని ఈ సీమ రైతులు కర్మకాండలో కలిపి నడపుకొనిరి.

ఆంగ్ల ప్రభుత్వ కాలమున ఈ ఆచారమునకు దెబ్బ తగిలినది. అచ్చువేసి విడిచిన ఆబోతు ఎవరి సొత్తును గాదు గనుక దానిని పట్టుకొనిపోయినవానిపై దొంగతనము నేరము నిలువదని ఉత్తర హిందూస్థానపు ఉన్నతన్యాయస్థాన మొకటి 1886లో తీర్పు చెప్పెను. ఊరందరి సొత్తు అను భావము ఆ చట్టములో ఇమిడినది కాదు. బీళ్ళు సాగులోనికి వచ్చిన కొలదియు అడ్డులేక తిరుగు ఆబోతును సహించు ఓపికయు రైతులలో తగ్గజొచ్చెను.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలమున నెల్లూరు జిల్లా అధికారులు అద్దంకిలో పశుప్రదర్శనములు నెలకొల్పిరి. 1873లో బాస్వెల్ దొర ప్రకటించిన నెల్లూరు జిల్లా మాన్యువలులో ఈ సీమ పశువులకు ప్రత్యేక స్థానము లభించినది. ప్రభుత్వమునకు ఇందు స్వప్రయోజనము లేకపోలేదు. సైన్యపు సామగ్రి లాగుటకు, బాటలపై బరువులు చేరవేయుటకు బలమైన ఎడ్లు కావలసియుండెను. రైతు మాత్రము బహుమతి సొమ్ముకంటె మరియొక దానికొరకు పోయెను. అది తెలియవలెనన్న పశువుల సంత యెట్లు జరుగునో తెలియవలెను.

సంతలో బేరగాడు తువ్వాలు కప్పి, దాని క్రింద వేళ్ళు పట్టి ధర చెప్పును. కొనువాడు, అమ్మువాడు, బేరగాడు తప్ప నాలుగవవానికి ఆ ధర తెలియదు. పశువు గుణము, ధర రెండును గుట్టుగా తేలును. ప్రదర్శనములో ఇది తారుమారైనది. పశువును నలుగురి నడుమ నిలిపి, పండ్లు చూచి వయస్సు నిర్ణయించి, రెండుపండ్ల కోడెలను రెండుపండ్లవానితో, ఆరుపండ్లవానిని ఆరుపండ్లవానితో సరిపోల్చి, ఇది మొదటిది, ఇది రెండవది యని అందరు వినుచుండగా చెప్పుదురు. తన పెరటిలో మూడేండ్లు సాకిన కోడె నిజముగా మేలైనదా, లేక తన కన్నులకే మేలుగా తోచినదా అను సందేహము రైతునకు అచ్చటనే తీరును. ఇరుగుపొరుగు ఊళ్ళవారు ఆ తీర్పును మోసికొనిపోయెదరు. ఓడినవాడును ఊరక రాడు. గెలిచిన కోడె తండ్రి ఏ ఊరి ఆబోతో కనుగొని, మరుసటి యేట తన ఆవును ఆ ఊరికి తోలుకొనిపోవును. ప్రదర్శనము వలన జాతికి కలిగిన అసలు మేలు ఇదియే.

రైలు రాకమునుపు ప్రదర్శనమునకు వచ్చు పశువు నడచియే రావలెను. రెండు మూడు దినముల నడకలో గిట్టలు అరగకుండ, ఒడలు తగ్గకుండ కోడెను తెచ్చుట చిన్న పని కాదు. దారిలో మేత, నీరు దొరకు మజిలీలు చూచుకొని, ఎండ యెక్కకమునుపే బయలుదేరుదురు. నడచివచ్చిన పశువునే తీర్పరులు చూచుచుండిరి గావున కాళ్ళ బలము వేరుగా పరీక్షింప పనిలేకుండెను. ఆ యేర్పాటులో నొక మేలు కలదు.

1876–78 సంవత్సరముల కరవు చెన్నరాజధాని పశువులను వేలకొలది పొట్టన బెట్టుకొనెను. నెల్లూరు సీమయు తప్పించుకొనలేదు. ఆ దెబ్బనుండి జాతి కోలుకొన్నదన్న, అందులకు ప్రభుత్వపు బహుమతులకంటె, తాము పస్తుండియు ఒక్క ఆవునైనను నిలుపుకొన్న కుటుంబములే ముఖ్యకారణమనవలెను.

1899లో బెజవాడ–మద్రాసు రైలుమార్గము పూర్తియైన పిమ్మట పరిస్థితి మారినది. ఒంగోలులో గెలిచిన గిత్త కొలది దినములలో మద్రాసు రేవు చేరగలదు. ప్రదర్శనము అప్పుడు రెండంచుల కత్తియైనది. దూరదేశపు వర్తకునకు ఊరూరు తిరిగి వెదకు శ్రమ తగ్గినది. సీమలోని మేలైన పశువులన్నియు ఒకే చోట, ఒకటి రెండు మూడు అని గుర్తులు వేసి చూపబడుచున్నవి గదా! మొదటి బహుమతి పొందిన కోడెకు మంచి ధర వచ్చును. అప్పులున్న రైతు దానిని అమ్మక నిలువలేడు. అమ్ముడుపోయినది కోడె యొక్కటే కాదు; దానివలన ఆ సీమలో పుట్టవలసిన దూడలును పోయినవి. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకములలో డచ్చివారు ఈ పశువులను సుంబా దీవికి చేర్చి అచ్చట మందలు పెంచిరి. 1906లో అమెరికాలోని టెక్సాసు పశుపోషకులు హిందూదేశమునుండి తీసికొనిపోయిన పశువులలోను ఈ జాతి కలదు.

బ్రెజిలు కథ మరింత విచిత్రము. 1868లో ఇంగ్లండునకు పోవు ఓడ యొకటి సాల్వడారు రేవున ఆగగా అందున్న ఒంగోలు పశువుల జత అచ్చట అమ్ముడుపోయినదని ఆ దేశపు పశుచరిత్రకారులు చెప్పుదురు. పదియేండ్లకు, 1878లో, లెంగ్రూబర్ అను పశుపోషకుడు జర్మనీలోని హాంబర్గు నగరమున జంతుప్రదర్శనశాలలో ఈ పశువులను చూచి మెచ్చి తన దేశమునకు తెప్పించుకొనెను. వింతమృగముల నడుమ వింతగా నిలిపిన పశువులో అతడు వ్యవసాయపు పశువును చూడగలిగెను. వేడికి తాళుట, పురుగు కాటునకు లొంగకుండుట, సామాన్యమైన గడ్డితోనే పెరుగుట ఆ దేశమునకు కావలసిన గుణములు. అక్కడివారు మాంసమునకై పెంచిరి. ఇక్కడివారు సేద్యమునకై పెంచిరి. గోవును పూజించు రైతునకు ఆ సంగతి మింగుడుపడునది కాదు.

1938వ సంవత్సరము ఈ చరిత్రలో గమనింపదగినది. ఆ యేట ఢిల్లీలో మొదటి అఖిలభారత పశుప్రదర్శనము జరిగినది. వైస్రాయి లిన్లిత్‌గో ప్రభువు అంతకుముందు వ్యవసాయమును గూర్చిన రాయల్ కమిషనునకు అధ్యక్షుడుగా నుండి, మేలైన ఆబోతులను గ్రామములకు దానము చేయుడని జమీందారులకును ధనికులకును విజ్ఞప్తి చేసినవాడు. ఢిల్లీ ప్రదర్శనము ఘనముగా జరుగుటలో సందేహము లేదు. కాని ఒంగోలునుండి ఢిల్లీకి గిత్తను రైలుపెట్టెలో చేర్చి, అక్కడ దినముల తరబడి మేపి తెచ్చు స్తోమత ఇంట రెండావులున్న రైతునకు ఎక్కడిది? అట్టి పోటీ ప్రభుత్వక్షేత్రములకును సంపన్నులకును అనుకూలించునదియే. అదే 1938లో బ్రెజిలు పశుపోషకులు ఈ జాతికి వంశావళి గ్రంథము తెరచిరి. ప్రతి దూడకు తల్లి, తండ్రి, పుట్టిన తేది వ్రాసి గుర్తు వేయుట మొదలైనది.

ఈ రెండు పనుల భేదమును కొంచెము ఆలోచింపవలెను. ప్రదర్శనము ఒక దినమున ఒక పశువును చూచును. అలంకరించిన కొమ్ములు, నిగనిగలాడు ఒడలు, కుదురైన మూపురము కంటికి కనబడును. తల్లి ఎన్ని పాలిచ్చినది, అన్నదమ్ములు ఎట్టివి, దాని దూడలు ఎట్టివి యగునో కంటికి కనబడవు. ఒంగోలు సీమలో ఆ విషయము లేవియు తెలియకపోలేదు. ఊరిలోని వృద్ధులు నాలుగు తరముల ఆవులను పేరుపేరున చెప్పగలిగియుండిరి. కాని అది నోటిమాటగా నుండెను. వృద్ధులతో పాటు పోయినది. హిందూదేశమున ఒంగోలు మున్నగు జాతులకు ప్రభుత్వము వారి వంశావళి పుస్తకములు 1940 దశకమున వచ్చినను, చేతివ్రాత నేర్వని రైతు పెరటివరకు అవి చేరుట అరుదు.

1962లో బ్రెజిలు పశుపోషకులు మరల వచ్చి గిత్తలను, ఆవులను ఎన్నుకొనిరి. ఒంగోలు సమీపమున గల కరవది గ్రామమునుండి పోయిన గిత్త వానిలో ప్రసిద్ధము. ఫెర్నాందో దె నొరోన్హా అను సముద్రద్వీపమున ఆ పశువులన్నిటిని రోగపరీక్షలకై నిలిపి, పిమ్మట దేశములోనికి విడిచిరి. ఆ గిత్తకు వారు ఊరి పేరే పెట్టిరి. పోర్చుగీసు నాలుకపై అది కర్వాది యైనది. గోదావరి, ఆకాశము అను పేర్లును ఆ వంశావళులలో కానవచ్చును. బ్రెజిలులో నేటికిని ఈ జాతి పశువుల వంశవృక్షము విప్పినచో ఎచ్చటనో యొకచోట కరవది గిత్త పేరు తగులుచుండును. 2023లో ఆ దేశమున వియాతీనా–19 అను ఈ జాతి ఆవు నలువది లక్షల డాలర్లకు పైబడిన విలువ పలికి గిన్నిసు పుస్తకమున కెక్కినది.

ఈలోపల సొంతగడ్డపై జాతి క్షీణించినది. వర్జీనియా పొగాకు వచ్చి జొన్నచేలను ఆక్రమించినది, చొప్ప తరిగినది. నాగార్జునసాగరు కాలువ నీరు 1967 నుండి పారగా కొన్ని మెట్టభూములు వరిపొలములైనవి. పాలకై గేదె, పిమ్మట జెర్సీ సంకరపు ఆవు, సేద్యమునకు ట్రాక్టరు. కోడెను మూడేండ్లు పాలతో సాకుటకు కారణమే లేకుండ పోయినది. గుంటూరు చెంత లాం, ప్రకాశం జిల్లాలో చదలవాడ, నెల్లూరు జిల్లాలో చింతలదేవి క్షేత్రములు ఈ జాతి రక్షణకై పనిచేయుచు వచ్చినవి. కేంద్రప్రభుత్వము నెలకొల్పిన రెండు జాతీయ కామధేను కేంద్రములలో ఒకటి చింతలదేవిలోనిదే. 2002లో హైదరాబాదున జరిగిన జాతీయ క్రీడలకు ఒంగోలు గిత్తయే చిహ్నముగా నిలిచినది.

పల్లెలలో మిగిలిన పెద్ద ప్రదర్శనము బండలాగుడు పోటీ. సంక్రాంతికి, తిరునాళ్ళకు గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పాలపండ్ల గిత్తలు మొదలు ఆరుపండ్ల యెడ్లవరకు వేర్వేరు తరగతులుగా రాతిబండను లాగి, నిర్ణీతకాలములో ఎన్ని అడుగులు పోయినదియు కొలతపట్టి గెలుపు నిర్ణయింతురు. ట్రాక్టరు పొలము దున్నుచున్న ఊరిలోనే యీ పోటీకై లక్షల రూపాయల యెడ్లను ఉలవలు, జొన్నలు పెట్టి మేపువారున్నారు. ఇందు వేడుక యెంతయున్నను జాతిని నిలిపినవారిలో వీరిని చేర్పక తప్పదు. అయితే మైకులో చదువునది యజమాని పేరు, ఊరి పేరు, లాగిన అడుగుల లెక్క మాత్రమే. గిత్త తల్లి పేరు, తండ్రి పేరు అడుగువారు అచ్చట నేటికిని అరుదు.