బావి లోతు కొలిచిన పిల్లవాడు

క్రాంజీ అన్నది ఒక చెట్టు పేరు. మలయ్ భాషలో కెరంజి అంటారు. నల్లటి పెంకు లోపల పుల్లతీపి గుజ్జు ఉండే చిన్న కాయలు కాస్తుంది, మన చింతకి దూరపు చుట్టం. సింగపూర్ ఉత్తరపు కొసన, జొహోర్ జలసంధి ఒడ్డున ఉన్న ఈ ప్రాంతానికి ఆ చెట్టు వల్లే పేరొచ్చింది. అయితే ఇప్పుడు క్రాంజీ అనగానే ఇక్కడివాళ్ళకి గుర్తొచ్చేది చెట్టు కాదు, యుద్ధ స్మారకం. 1942 ఫిబ్రవరి 9 రాత్రి జపాన్ సైనికులు క్రాంజీ నది ముఖద్వారం దగ్గర దిగారు. వారం తిరక్కుండా, 15వ తేదీన, సింగపూర్ లొంగిపోయింది. ఆ తరువాత ఇక్కడే యుద్ధఖైదీల శిబిరం పెట్టారు. చచ్చిపోయిన తోటివాళ్ళని ఖైదీలే పూడ్చి, గుర్తుపలకలు నాటుకున్నారు. ఆ చిన్న శ్మశానమే పెరిగి నేటి స్మారకమైంది. సమాధులు నాలుగు వేల నాలుగు వందల పైచిలుకు. సమాధి కూడా దక్కనివాళ్ళ పేర్లు గోడల మీద 24,000కి పైన ఉన్నాయి. వాటిలో మన దేశపు సిపాయిల పేర్లు కొల్లలు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, భూగోళానికి అవతలివైపు, అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ఒక తొమ్మిదేళ్ళ పిల్లవాడు కూడా శ్మశానం కట్టాడు. చచ్చిన పిట్టలకీ పురుగులకీ. ఒక్కొక్కదానికీ పలక నాటి పేరు రాసేవాడు. ఒక నత్తకి ‘జాన్ నత్త లూయిస్’ అని పేరు పెట్టాడు. పుట్టిన తేదీ తెలియదనీ, పోయిన తేదీ తనకి దొరికిన రోజనీ రాశాడు. ఈ రెండు శ్మశానాలకీ కాలం తప్ప మరో సంబంధం లేదు. అయినా స్మారకం గోడల మధ్య నడుస్తున్నప్పుడల్లా నాకు ఆ పిల్లవాడు గుర్తొస్తాడు. అతని కథ మన పిల్లలకీ, మన పెళ్ళిళ్ళకీ కూడా సంబంధించినది కనక కాస్త వివరంగా చెబుతాను.

అతని పేరు డోనల్డ్ ట్రిప్లెట్. 1933లో ఫారెస్ట్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తల్లిదండ్రులు చదువుకున్నవాళ్ళు, ఉన్నవాళ్ళు. పిలిస్తే పలకడు, గుండ్రటి వస్తువులు బొంగరంలా తిప్పుతూ కూర్చుంటాడు, అంకెలంటే ప్రాణం. డాక్టర్ల సలహా మీద నాలుగేళ్ళు నిండకముందే ఒక సంస్థలో పెట్టారు. ఏడాదికి తల్లిదండ్రులకి మనసొప్పక వెనక్కి తెచ్చుకున్నారు. తండ్రి లాయరు. కొడుకు గురించి 33 పేజీల ఉత్తరం రాయించి, బాల్టిమోర్‌లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడికి పంపాడు. 1943లో కానర్ ప్రచురించిన పరిశోధన పత్రంలో పదకొండుమంది పిల్లల కథలున్నాయి. మొదటిది డోనల్డ్‌ది. ఆటిజం అన్న మాట ఒక ప్రత్యేక స్థితికి పేరుగా లోకానికి తెలిసింది ఆ పత్రంతోనే. (అంతకు ముందే, 1920ల్లో, మాస్కోలో గ్రున్యా సుఖరేవా అనే వైద్యురాలు ఇటువంటి పిల్లల గురించి వివరంగా రాసింది. ఆవిడని చాలాకాలం ఎవరూ తలుచుకోలేదు.)

వైద్యచరిత్రలు సాధారణంగా ఇక్కణ్ణుంచి కానర్ వెంట వెళ్ళిపోతాయి. నాకు మాత్రం ఒక రైతు దంపతుల దగ్గర ఆగాలనిపిస్తుంది. 1942లో తల్లిదండ్రులు డోనల్డ్‌ని ఊరికి పదిమైళ్ళ దూరంలో లూయిస్ అనే రైతు ఇంట్లో ఉంచారు. వాళ్ళకి సైకాలజీ తెలియదు. పిల్లవాడికి కొలతల పిచ్చి అని గమనించారు. వద్దనలేదు. బావి తవ్వించి, ఎంత లోతు వచ్చిందో ఎప్పటికప్పుడు చెప్పమన్నారు. మొక్కజొన్న సాళ్ళు అదేపనిగా లెక్కపెడుతున్నాడు. నాగలి చేతికిచ్చి, దున్నుతూ లెక్కపెట్టమన్నారు. చచ్చిన పిట్టల్ని ఇంట్లోకి పట్టుకొస్తుంటే, ఒక మూల కాస్త నేల చూపించి ఇక్కడ పెట్టుకోమన్నారు. ఆ నత్త పేరులోని లూయిస్ ఈ రైతు ఇంటిపేరే. తన నత్తలకీ పిట్టలకీ ఆ ఇంటిపేరు పెట్టాడంటే, ఆ ఇల్లు తనదనుకున్నాడనే కదా!

1945లో కానర్ స్వయంగా ఆ పొలానికి వెళ్ళి చూసి, ఆ దంపతుల తెలివికి ఆశ్చర్యపోయాడు. ఈరోజు ‘న్యూరోడైవర్సిటీ’ అనీ, మనిషి తీరుని ఒప్పుకుని చేసే చికిత్స అనీ పెద్దపెద్ద మాటలతో చెబుతున్నది ఆ పొలంలో జరిగింది. అతని లక్షణాన్ని విరగ్గొట్టలేదు, దానికొక పని కల్పించారు. మనలో ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అనే మాట ఎంత సులువుగా వాడతాం! లూయిస్ దంపతులు మొక్కని వంచలేదు, అది ఎటు పెరుగుతోందో చూసి అటు పందిరి వేశారు.

ఆ ఇంగితం పండితులకి అందడానికి యాభయ్యేళ్ళు పట్టింది. ఆ మధ్యకాలం తలుచుకుంటే కష్టంగా ఉంటుంది. వియన్నాలో హాన్స్ ఆస్పర్గర్ 1944లో ఇటువంటి పిల్లల గురించే రాశాడు. కొందరిలో గొప్ప ప్రతిభ ఉందని మెచ్చుకున్నాడు. ఆయనే మరికొందరు పిల్లల్ని ఆమ్ ష్పీగెల్‌గ్రుండ్ అనే సంస్థకి పంపే కాగితాల మీద సంతకాలు పెట్టాడని 2018లో వెలువడిన పరిశోధనలు బయటపెట్టాయి. నాజీల కాలంలో అక్కడ దాదాపు 800 మంది పిల్లల్ని చంపేశారు. పనికొచ్చే తేడా, పనికిరాని తేడా అని గీత గీస్తే అది ఎక్కడిదాకా పోతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

యుద్ధం తరువాత అమెరికాలో నేరం తల్లుల మీదికి మళ్ళింది. తల్లి మనసు మంచుగడ్డ కాబట్టి బిడ్డ ఇలా అయ్యాడన్నారు. కానర్ కూడా ఈ ధోరణిలో రాశాడు. బ్రూనో బెటెల్‌హైమ్ 1967 నాటి పుస్తకంతో దాన్ని ఇంటింటికీ చేర్చాడు. బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు, తనూ అటువంటి బిడ్డకి తండ్రే, 1964లోనే ఇది పెంపకం లోపం కాదని పుస్తకం రాసి వాదించాడు. 1969లో తల్లిదండ్రుల సభలో కానర్ మిమ్మల్ని నిర్దోషులుగా ప్రకటిస్తున్నానని చెప్పాడు. ఈలోగా ఎందరు తల్లులు కుమిలిపోయారో! మన ఇళ్ళల్లో ఇప్పటికీ ‘నువ్వు ఉద్యోగానికి పోబట్టే వాడికి మాటలు రాలేదు’ అనే అత్తగార్లున్నారు. వాళ్ళకి బెటెల్‌హైమ్ ఎవరో తెలియదు, అయినా అదే సిద్ధాంతం.

తరువాత ప్రవర్తనని మార్చే చికిత్సలు వచ్చాయి. లాస్ ఏంజెలెస్‌లో ఐవార్ లోవాస్ 1960ల్లో చెంపదెబ్బలూ కరెంటు షాకులూ కూడా వాడాడు. ఆయన 1987లో ప్రచురించిన అధ్యయనంలో 19 మంది చిన్నపిల్లలకి వారానికి 40 గంటల శిక్షణ ఇచ్చారు. తొమ్మిదిమంది మామూలు పిల్లల్లో కలిసిపోయారని చెప్పాడు. కలిసిపోవడమే లక్ష్యం. పిల్లవాడికి లోపల ఎలా ఉందన్నది ఆ లెక్కల్లో లేదు. ఆనాటి తల్లిదండ్రుల్ని నేను తప్పు పట్టను. వాళ్ళకి ఎవరైనా ఆశ అనేది చూపించింది ఆ ఒక్కచోటే.

మలుపు వచ్చింది ఆ పిల్లలు పెద్దవాళ్ళై తామే మాట్లాడటం మొదలుపెట్టాక. 1993లో టొరాంటోలో జరిగిన సభలో జిమ్ సింక్లెయిర్ అనే ఆటిస్టిక్ వ్యక్తి తల్లిదండ్రులతో ఒక మాట చెప్పాడు. సారాంశం ఇది: మీరు కలగన్న బిడ్డ రాలేదని ఏడిస్తే ఏడవండి, కానీ మా ముందు కాదు, మేము ఉన్నాం, మమ్మల్ని చూడండి. 1998లో ఆస్ట్రేలియాలో జూడీ సింగర్ తన సిద్ధాంత వ్యాసంలో న్యూరోడైవర్సిటీ అనే మాట వాడింది. మొక్కల్లో, జంతువుల్లో వైవిధ్యం ఉన్నట్టే మెదళ్ళలోనూ ఉంటుందని భావం. ఆ ఆలోచన అప్పటికే ఆటిస్టిక్ వ్యక్తుల మధ్య నలుగుతున్నదే, ఒక్కరి సొత్తు కాదు.

నా ఉద్దేశంలో అసలు పెద్ద మాట 2012లో వచ్చింది. డేమియన్ మిల్టన్ అనే బ్రిటిష్ సామాజికవేత్త, తానూ ఆటిస్టిక్, ఒక చిన్న ప్రశ్న వేశాడు. వీళ్ళకి ఎదుటివాళ్ళ మనసు అర్థం కాదంటున్నారు సరే, ఎదుటివాళ్ళకి వీళ్ళ మనసు అర్థమవుతోందా? అపార్థం రెండువైపులదీ అయినప్పుడు లోపం ఒక్కరిదే ఎలా అయింది? 2020లో కాథరిన్ క్రాంప్టన్ బృందం ఎనిమిదేసిమందిని వరసగా పెట్టి ఒక కథని ఒకరినుంచి ఒకరికి చెప్పించింది. ఆటిస్టిక్ వ్యక్తులే ఉన్న వరస మామూలువాళ్ళ వరసకి తీసిపోలేదు; కలగలుపు వరసలోనే కథ ఎక్కువ జారిపోయింది. 2025లో ఇంకా ఎక్కువమందితో చేసినప్పుడు కలగలుపు వరసలో ఆ తరుగు కనబడలేదు. ఆటిస్టిక్ వ్యక్తులకి మాట చేరవేయడం చేతకాదన్న పాత నమ్మకం మాత్రం రెండుసార్లూ నిలబడలేదు.

దీన్ని తెలుగు కాపురంలో పెట్టి చూడండి. మన భాషలో సగం సంగతులు సూటిగా చెప్పం. ‘ఉప్పు అయిపోయినట్టుంది’ అని భార్య అంటే తెమ్మని అర్థం. ఆటిజం ఉన్న భర్త ‘అవును, అయిపోయింది’ అని ఒప్పుకుని పుస్తకం చదువుకుంటాడు. ఆమెకి అది నిర్లక్ష్యం. అతనికి అడగని పనికి తిట్లు. వెనకటి చికిత్స అయితే అతనికి కళ్ళలోకి చూడటం, నవ్వడం, ‘తిన్నావా’ అని అడగటం నేర్పేది. ఇప్పటి తీరు ఇద్దరినీ కూర్చోబెడుతుంది. ఆమె కావలసింది విడమరిచి చెబుతుంది, వీలైతే కాగితం మీద రాస్తుంది. తనకి ఏ చప్పుడు, ఏ వాసన, ఏ గుంపు భరించరానిదో అతను సిగ్గుపడకుండా చెబుతాడు. ఆఫీసు నుంచి రాగానే అరగంట మౌనం కావాలంటే అది అలక కాదని ఆమెకి తెలుస్తుంది. భార్యకి ఏడీహెచ్‌డీ ఉంటే స్టవ్ మీద పాలు పొంగిపోవడం బాధ్యతలేనితనం కాదని అతనికి తెలుస్తుంది. జీవితాంతం మామూలుగా నటించడం మనిషిని లోలోపల ఎంత తినేస్తుందో ఈమధ్య అధ్యయనాలు చాలా చెబుతున్నాయి. ఇంట్లో కూడా నటించాలంటే ఇక ఊపిరి ఎక్కడ?

‘అయితే ఏమీ నేర్పకుండా వదిలేయమంటారా?’ అని అడిగేవాళ్ళున్నారు. మాటలు రాని, తనని తాను కొట్టుకునే బిడ్డ ఉన్న తల్లి అడిగితే ఆ ప్రశ్నకి విలువుంది. వదిలేయమని కాదు. లూయిస్ దంపతులు వదిలేశారా? బావి తవ్వించారు. బిడ్డకి మాట రాకపోతే బొమ్మల కార్డులో, టాబ్లెట్టో, ఏదో ఒక దారిన తన మనసు చెప్పుకోవడం నేర్పాలి. మన కళ్ళకి బాగుండటానికి చేతులూపడం మాన్పించడం వేరు.

సింగపూర్‌లో ఈ చరిత్ర కురచే. 1962లో మేధోవైకల్యం ఉన్న పిల్లల కోసం మొదలైన సంఘమే నేటి మైండ్స్. ఆటిజం రిసోర్స్ సెంటర్ 2000లో వచ్చింది, అది నడిపే పాత్‌లైట్ స్కూలు 2004లో. ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని నిర్బంధ విద్యా చట్టంలోకి తెచ్చింది 2019లో. అదీ ఈ దేశ పౌరుల పిల్లలకే. ఉద్యోగం పాస్ మీద వచ్చిన మనలాంటి కుటుంబాలు సీటూ ఫీజూ చూసుకుని, చాలాసార్లు తల్లినీ బిడ్డనీ హైదరాబాదు పంపేస్తుంటాయి. అక్కడా పరిస్థితి నెమ్మదిగానే మారింది. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో జాతీయ సంస్థ 1984లోనే ఉంది. కానీ 1995 నాటి వికలాంగుల చట్టంలోని ఏడు రకాల్లో ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంలోకి వచ్చింది, 2016లో 21 వైకల్యాల జాబితాలో చేరింది.

పెళ్ళి దగ్గర మాత్రం చట్టం కన్నా సామెత బలమైనది. పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు. నవ్వుకోవడానికి చెప్పుకుంటాం గానీ, ఎన్ని సంబంధాలు దీని రెండో సగం మీద కుదిరాయో! హిందూ వివాహ చట్టంలో మూర్ఛవ్యాధిని పెళ్ళికి అడ్డంకుల్లోంచి తీసేసింది 1999లో. అంటే అంతదాకా మూర్ఛ ఉన్న ప్రతి ఇంటా దాచడమే మార్గమైంది. ఆ దాచే అలవాటే ఇప్పుడు ఆటిజానికి వచ్చింది. అబ్బాయి కొంచెం రిజర్వ్‌డ్ అంటారు. అమ్మాయికి చదువు ధ్యాస ఎక్కువ అంటారు. మూడోనెలలో అవతలివాళ్ళకి తెలుస్తుంది, అప్పుడది మోసం అవుతుంది. నాలుగు నెలల ముందు చెప్పి ఉంటే అది ఒక సంగతి మాత్రమే.

డోనల్డ్ పెళ్ళి చేసుకోలేదు. కాలేజీలో ఫ్రెంచి చదివి 1958లో డిగ్రీ తీసుకుని, సొంత ఊళ్ళోనే బ్యాంకులో పనిచేశాడు. ఇరవై ఏడో ఏట కారు నేర్చుకున్నాడు. రోజూ గోల్ఫ్ ఆడేవాడు, ఒంటరిగా దేశాలు తిరిగొచ్చేవాడు. 2010 ప్రాంతాల్లో విలేకరులు వెతుక్కుంటూ వస్తే, అతన్ని నొప్పిస్తే ఊరుకోమని ఊరివాళ్ళు ముందే హెచ్చరించారు. 2023లో 89వ ఏట పోయాడు. బ్యాంకు అతని తల్లి తరఫువాళ్ళదని, అది తెల్లవాళ్ళకే పూర్తి గౌరవం దక్కిన మిసిసిపీ అనీ మరిచిపోకూడదు. కానర్ చూసిన పదకొండుమందిలో ప్రభుత్వ ఆసుపత్రుల పాలైనవాళ్ళు ఎలా క్షీణించిపోయారో ఆయనే 1971లో రాశాడు.

క్రాంజీలో ఇంకా కొన్ని పొలాలు మిగిలాయి. గుర్రప్పందాల మైదానం 2024 అక్టోబరులో చివరి పందెంతో మూతపడింది. సుంగై బులో చిత్తడినేలలకి మాత్రం ఏటా సెప్టెంబరు నుంచి వలసపక్షులు వస్తూనే ఉన్నాయి. గుళ్ళో గంటలూ మాల్‌లో పాటలూ భరించలేని పిల్లలున్న తల్లిదండ్రులు కొందరు ఆదివారం పొద్దున్నే అక్కడికి వస్తారు. 2004లో ఏడేళ్ళ వయసులో పాత్‌లైట్‌లో చేరిన పిల్లలకి ఇప్పుడు ముప్పై దగ్గర పడుతున్నాయి. ఆ వయసు పిల్లలున్న మన ఇళ్ళల్లోనూ ఇప్పుడు సంబంధాల మాట వస్తోంది. బయోడేటాలో ఎత్తు, గోత్రం, జీతం తరువాతి గడిలో ఏం రాయాలా అని ఆలోచిస్తున్నారు.