పడవెక్కిన పుస్తకాలు

అకాడమీ అనగానే మనకు హైదరాబాదు సర్కారీ సంస్థలే గుర్తుకొస్తాయి: 1957 నాటి సాహిత్య అకాడమీ, 1963 నాటి సైన్సు అకాడమీ, 1968 నాటి తెలుగు అకాడమీ. అవి చేయవలసిన పనిని కృష్ణా తీరంవాళ్లు అంతకు అర్ధశతాబ్దం ముందే చందాలు పోగుచేసుకుని మొదలుపెట్టారు.

పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు, మిత్రులతో కలిసి 1906లో హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా మండలి నెలకొల్పారు. చరిత్రతో పాటు రసాయన, జీవశాస్త్రాలూ తెలుగులో అచ్చయ్యాయి. తర్వాత ఆయన తలకెత్తుకున్న ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలు వచ్చినా 'అ' అక్షరం దాటలేదు. 1923లో ఆయనే వెళ్లిపోయారు. అంత బరువు ఒక్కరి భుజాన పెట్టడం మన పాత అలవాటు.

బందరులో 1910లో వెలిసిన ఆంధ్ర జాతీయ కళాశాల శాస్త్రాన్నీ కళనూ వేరుచేయలేదు. చదువుతో పాటు చేతిపనులు నేర్పారు. ప్రమోదకుమార్ ఛటర్జీ చిత్రలేఖనం చెప్పారు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే.

నా లెక్కలో వీటన్నిటికన్నా పెద్ద అడుగు బెజవాడలో పడింది. 1914 ఏప్రిల్ 10న రామమోహన గ్రంథాలయంలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగింది. అధ్యక్షుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం. అప్పటికే ఆయనకు చూపు లేదు, పుస్తకం ఇంకొకరు చదివి వినిపించాల్సిందే! ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది అక్కడే. 1935లో పాతూరి నాగభూషణం ఇంకో మెట్టెక్కారు. 1855 నాటి కృష్ణా ఆనకట్ట నుంచి పారే కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపించారు. అప్పట్లో డెల్టా జనం ఊరి నుంచి ఊరికి వెళ్లేది పడవల్లోనే కదా, పుస్తకమూ అదే దారి పట్టింది. మండలి లాంటివి అచ్చువేసింది రైతు చేతికందే ఏర్పాటు ఇది. తర్వాతి అకాడమీల్లో నాకు కనిపించని పని కూడా ఇదే.

పెద్ద సంస్థల కథ వేరు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలోనే మొదలైంది కానీ, 1930 నాటికి వాల్తేరు చేరింది. సాహిత్య అకాడమీని 1983లో ప్రభుత్వమే ఎత్తేసింది. 2014 విభజన చట్టం తెలుగు అకాడమీని పదో షెడ్యూలులో చేర్చింది. ఆస్తుల పంపకంపై రెండు రాష్ట్రాలూ కోర్టుకెక్కాయి.