పాతాళగంగకు పొలిమేరలు

నేలపై పారు నదిని పంచుకొనుట కష్టమేగాని అసాధ్యము కాదు. ఈ గట్టు నాది, ఆ గట్టు నీది యని రాజ్యములు ఒడంబడిక చేసికొనవచ్చును. కంటికి గానరాక నేల లోపల పారెడి నీటి నెట్లు పంచుకొనవలెను? ఒక రాజ్యమున త్రవ్విన బావి పొరుగురాజ్యపు ఊట నెండగట్టినచో ఆ తగవు తీర్చు ధర్మమేది? ఈ విషయమున పేరొందిన యొక వ్యాజ్యమును మీకు ముందుగా మనవి చేసెదను.

డాన్యూబు నది జర్మనీలోని నల్లయడవియందు జనించి తూర్పుగా సాగి నల్లసముద్రమును చేరును. కాని ఇమ్మెండింగెన్ అను ఊరికడ దాని నీరు సున్నపురాతి నెఱ్ఱెలలోనికి ఇంకిపోవును. వేసవిలో పెక్కు దినము లచ్చట నదీగర్భ మెండి రాళ్లు తేలియుండును. దక్షిణముగా సుమారు 12 కిలోమీటర్ల దూరమున ఆహ్ అనుచోట గొప్ప ఊట యొకటి కలదు. ఆ నీరు కాన్‌స్టన్స్ సరస్సున బడి, రైను నదితో గూడి ఉత్తరసముద్రమునకు పోవును. ఈ రెండును ఒక్క నీరేయని 1877లో అడాల్ఫ్ క్నోప్ అను శాస్త్రజ్ఞుడు రుజువు చేసెను. ఇంకెడి నీటిలో ఆయన 10 కిలోగ్రాముల రంగును, ఉప్పును, నూనెను కలిపించెను. సుమారు 60 గంటలకు ఆహ్ ఊట పచ్చగా మెరయుచు, ఉప్పనై వెలువడెను.

సత్యము తేలినది, తగవు తెగలేదు. ఇంకుడువలన దిగువనున్న వుర్టెంబర్గ్ రాజ్యమునకు నీరు తగ్గెను. ఆహ్ ఊటగల బాడెన్ రాజ్యమునకు లాభము కలిగెను. వుర్టెంబర్గ్, దానితో ప్రష్యా, బాడెన్‌పై వ్యాజ్యము తెచ్చినవి. 1927 జూన్ 18న జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానము అంతర్జాతీయ న్యాయసూత్రముల ననుసరించి తీర్పు చెప్పెను. ప్రకృతి వలన ఇంకునట్టి నీటికై ఎవ్వరిని తప్పుపట్టరాదు. కాని బాడెన్ తన కట్టడములచే ఇంకుడును పెంచరాదు. వుర్టెంబర్గ్ కృత్రిమముగా దానిని తగ్గింపరాదు. ఒకరికి కలుగు నష్టమునే గాక, రెండవవారికి కలుగు లాభమునుగూడ త్రాసున నుంచి తూచవలెను. ఈ సూత్రమే తరువాతి చర్చలకు మూలకందమైనదని నా తలంపు.

తీర్పుకంటె ఒడంబడిక మేలని జెనీవావారు చూపిరి. జెనీవా, ఫ్రాన్సు సరిహద్దు క్రింద ఒకే నీటిపొర గలదు. ఇరువురును మితిమీరి తోడగా నీటిమట్టము కొన్ని మీటర్లు దిగిపోయెను. 1978లో ఉభయులు ఒప్పందము చేసికొనిరి. ఆర్వ్ నదీజలమును శుద్ధిచేసి నేలలోని కింకించు కర్మాగారమును జెనీవావారు నడపసాగిరి. ఉభయపక్షముల సంఘమొకటి లెక్కలు చూచును. ఫ్రాన్సు తన వంతు వ్యయమును భరించును. ఫ్రాన్సువారు ఏటికి 50 లక్షల ఘనపు మీటర్లు తోడుకొనవచ్చును. అందు 20 లక్షలకు రుసుము లేదు. ఈ ఏర్పాటు 2007లో నూతనముగా వ్రాయబడి, 2008 జనవరి 1 నుండి 30 ఏండ్ల కమలులోనికి వచ్చెను.

ఇక ప్రపంచమంతటికి వర్తించు శాసనము మాటకు వచ్చెదను. 1997నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక నదులతో కలసియున్న భూగర్భజలములనే గ్రహించెను. నదులతో పొత్తులేక యుగములనుండి నిలిచియున్న జలములు దాని వెలుపల మిగిలెను. ఆ లోటు తీర్చుటకై అంతర్జాతీయ న్యాయ సంఘము 19 సూత్రములు రచించినది. 2008 డిసెంబరు 11న సర్వసభ్యసభ వానిని తన తీర్మానమున చేర్చుకొన్నది. న్యాయముగా వాడుకొనుట, పొరుగువారికి తీవ్రహాని చేయకుండుట, కాలుష్యమును నివారించుట ఇందలి ముఖ్యాంశములు. అయితే ఆ సూత్రములు ఇంకను సంధిరూపము దాల్చలేదు. వానిలోనే ప్రతి రాజ్యమునకును తన నేలక్రింది భాగముపై సార్వభౌమత్వము కలదనియు నున్నది. ‘నాది’ యను ఆ మాటకును, ‘మనది’ యను న్యాయమునకును పొత్తు కుదురుట సులభము కాదు.

దక్షిణ అమెరికాలో అర్జెంటీనా, బ్రెజిల్, పరాగ్వే, ఉరుగ్వే గ్వరానీ జలరాశిని గూర్చి 2010లో సంధి చేసికొన్నవి. అది 2020లో గాని అమలునకు రాలేదు. పది సంవత్సరములు! శాసనము నత్తనడక నడచును. నీటిని తోడు యంత్రములు దానికొరకు ఆగవు. నదివలె ఇది ఋతువు మారగానే నిండునది కాదు. చెడిన పొరను శుద్ధిచేయుట తరములకుగూడ సాధ్యము కాకపోవచ్చును. కావున ఎండిన పిదప వ్యాజ్యమాడుటకంటె, నిండుగా నుండగనే ఇరుగుపొరుగులు కూర్చుండి కొలతలు చూచుకొనుటయే రాజనీతి యని నా విన్నపము.