పాసేజీ కింది ప్రశ్న: చిలక చదువు నుంచి చట్టం చదువు దాకా

ఇంగ్లీషు పరీక్షలో ఒక పాసేజీ ఇస్తారు. కింద నాలుగైదు ప్రశ్నలుంటాయి. జవాబులన్నీ ఆ పాసేజీలోనే ఉంటాయి. పుస్తకం ముందు పెట్టి పరీక్ష రాయమన్నట్టే. అయినా మన పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే. బట్టీ పట్టిన వ్యాసం రెండు పేజీలు రాసే అమ్మాయి, కళ్లముందున్న ఎనిమిది వాక్యాల్లోంచి ఒక్క జవాబు తీయలేకపోతుంది. తెలుగు లెక్చరర్‌కి ఇంగ్లీషు గొడవ ఎందుకని అడగొచ్చు. తెలుగు పద్యానికి తాత్పర్యం అడిగినా క్లాసులో ఇదే కథ. అందుకే ఈ గొడవ ఇంగ్లీషుతో మొదలైంది కాదంటున్నా. మన సీమలో దీనికి రెండొందల ఏళ్ల చరిత్ర ఉంది.

1800లో నిజాం ఈ సీమను కంపెనీకి అప్పగించాడు. మొదటి కలెక్టరు మన్రో. 1822లో అదే మన్రో మద్రాసు గవర్నరుగా ఉండి, జిల్లాల్లో బడులెన్ని, పిల్లలెందరు అని లెక్క తీయమన్నాడు. మన పక్క జిల్లా బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో రిపోర్టు పంపాడు. 533 బడులు, 6,641 మంది పిల్లలు. ఈ క్యాంబెల్ 1816లోనే ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం అచ్చేసినవాడు, అంటే భాష తెలిసినవాడు. ఆయన రాసింది ఇది: పిల్లలు పద్యాలు గడగడా ఒప్పజెప్తారు, కానీ వాటి అర్థం మాట నేర్చిన చిలకకు ఎంత తెలుసో వీళ్లకూ అంతే తెలుసు. పద్యాల భాష వేరు, నోటి భాష వేరు. విప్పి చెప్పగలిగే పంతుళ్లే తక్కువ.

దొర మాటను దొర మాటగానే చూడాలి, కాదనను. కానీ ఆ లెక్కల పట్టికను కూడా ఒకసారి చూడండి. బ్రాహ్మణులకు ఒక గడి, వైశ్యులకు ఒక గడి, శూద్రులకు ఒక గడి, ముస్లింలకు ఒక గడి. మనకంటూ గడి లేదు. 'తక్కిన కులాలన్నీ' అనే ఒక్క గడిలో ఎవరెవరున్నారో వెతుక్కోవాలి. బడిలో ఉన్న పిల్లాడికే అర్థం దక్కనప్పుడు, గడిలో కూడా లేనివాడి సంగతేమిటి?

ప్రొద్దుటూరు అంటే బంగారం, బట్టల వ్యాపారంతో పాటు అవధానాలూ గుర్తొస్తాయి. దుర్భాక రాజశేఖర శతావధాని, సి.వి. సుబ్బన్న శతావధాని పేర్లు ఆ ఊరితో ముడిపడినవే. ఆ ధారణను నేను తక్కువ చేయను. కానీ అవధానంలో అవధాని ఒక్కడే ఉండడు, పృచ్ఛకుడూ ఉంటాడు. అడ్డం తిరిగి అడిగేవాడు లేకపోతే అవధానమే లేదు. మన బడులు అక్కణ్ణుంచి ధారణను మాత్రమే తెచ్చుకున్నాయి. పృచ్ఛకుణ్ణి గడప బయటే వదిలేశాయి.

మనోళ్లకు మొదట అక్షరం దొరికిన చోట్లలో మిషన్ బడి ఒకటి. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టింది. 19వ శతాబ్దం మధ్య నుంచి ఈ జిల్లా మాలపల్లెలు ఆ మిషన్ వైపు కదిలాయి. జమ్మలమడుగులో ఇప్పటికీ ఉన్న క్యాంబెల్ ఆస్పత్రి ఆ మిషన్‌దే. ఈ డాక్టర్ క్యాంబెల్ వేరు, బళ్లారి కలెక్టరు వేరు. బైబిలు ఎవరికి వారు చదువుకోవాలన్నది ఆ మిషన్ల పట్టుదల. గ్రంథం ముట్టుకుంటేనే మైల అన్న దేశంలో అది చిన్న మాట కాదు. కానీ వాళ్లు తెచ్చిన ప్రశ్నోత్తర బోధలో ప్రశ్నా వాళ్లదే, జవాబూ వాళ్లదే. రెండూ కంఠస్థం చేయాలి. ఆ పైన సర్కారు గ్రాంటు కూడా ఇన్‌స్పెక్టర్ పెట్టే పరీక్ష ఫలితాన్ని బట్టి వచ్చే రోజులొచ్చాయి. పిల్లాడు టపీమని జవాబు చెప్తే బడికి డబ్బు. అర్థమైందా అన్నది ఎవరికీ పట్టలేదు. ఈనాటి గైడుకీ బిట్ బ్యాంకుకీ తాత అక్కడున్నాడు.

ఇక ఈ కాలానికొద్దాం. 2019 నవంబరు 20న రాష్ట్ర ప్రభుత్వం జీవో 85 ఇచ్చింది. సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఆరో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం అంది. అప్పటి ముఖ్యమంత్రి పులివెందుల ఎమ్మెల్యే. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపి, మన పిల్లలకు మాత్రం మాతృభాష గొప్పదని చెప్పినవాళ్లను అప్పుడు చూశాం. ఇంగ్లీషు మన హక్కు. ఆ మాటలో నాకు రెండో ఆలోచన లేదు. కానీ మీడియం మారి చదివే తీరు మారకపోతే, తెలుగు చిలక ఇంగ్లీషు చిలకవుతుంది. అంతే తేడా.

తీరు మారడమంటే ఏమిటో ఒక చిన్న పాసేజీతో చూద్దాం. మహాడ్ మునిసిపాలిటీ 1924లో చవదార్ చెరువును అందరికీ తెరుస్తూ తీర్మానం చేసింది. అయినా అంటరానివారు ఆ నీళ్లు తాగలేకపోయారు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచివెళ్లి ఆ నీళ్లు తాగారు.

ప్రశ్న: చెరువు అందరికీ ఎప్పుడు తెరుచుకుంది?

చిలక చదువు ఏం చేస్తుంది? ప్రశ్నలో 'తెరుచు' అన్న మాట చూస్తుంది, పాసేజీలో అదే మాట వెతుకుతుంది, ఆ వాక్యం దించేస్తుంది: 1924. అసలు చదువు 'అయినా' దగ్గర ఆగుతుంది. ఇంగ్లీషులో అది 'బట్' కావచ్చు, 'స్టిల్' కావచ్చు, 'ఆల్దో' కావచ్చు. 1924లో కాగితం మీద తెరుచుకుంది, 1927లో మనుషులు నడిచి తెరిచారు. రెండూ సొంత మాటల్లో రాసి, ఏ వాక్యం చూసి అంటున్నావో చూపించు. అదే జవాబు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు ప్రశ్నలు చదవండి, తర్వాత పాసేజీ మొత్తం చదవండి. ఒక్క మాట తెలియలేదని ఆగిపోకండి, చుట్టూ ఉన్న వాక్యాలే సగం చెప్తాయి. 'హూ', 'వెన్' అంటే పేరు, తేదీ చాలు. 'వై' అంటే కారణం రాయాలి. పాసేజీలో లేనిది మనకెంత తెలిసినా రాయకూడదు.

ఇది మార్కుల కోసమే అయితే ఇంత రాయను. కారంచేడు 1985లో జరిగింది. అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. కులం పేరుతో అవమానించడం నేరమయ్యేది 'పబ్లిక్ వ్యూ'లో ఉన్న చోట జరిగితే అని ఆ చట్టంలో ఉంది. 'పబ్లిక్ ప్లేస్' అని లేదు. 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ రెండు మాటలకూ తేడా విప్పింది. స్థలం సొంతదే కావచ్చు, బయటి నుంచి జనానికి కనపడుతుంటే అది పబ్లిక్ వ్యూలో ఉన్నట్టే. ఆ కేసులో కారు గేటు దగ్గర ఆగి ఉంది. అందుకే ఆ కేసు నిలబడింది. 'వ్యూ'ను 'ప్లేస్' అని చదివితే, మనల్ని తిట్టినవాడు 'ఇది నా దొడ్డి, నా గుమ్మం' అని నవ్వుకుంటూ వెళ్లిపోతాడు. స్టేషన్లో 'ఇది బజారు కాదు కదా, కేసు కాదు పో' అంటే, ఆ ఒక్క మాట మీద వేలు పెట్టి చూపించేవాడు మన పల్లెలో ఉండాలి.

చట్టంలో 'షల్' ఉంటే చేసి తీరాలి. 'మే' ఉంటే చేయొచ్చు, మానొచ్చు. సబ్‌ప్లాన్ చట్టం తీసినా, హాస్టల్ జీవో తీసినా, భూమి నోటీసు తీసినా ముందు ఈ రెండు మాటల కింద గీత గీయండి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటొచ్చిన పిల్లలకైనా, జమ్మలమడుగు కోర్టు మెట్లెక్కే పెద్దాయనకైనా పనికొచ్చే పాఠం ఒక్కటే: రాసినవాడు ఏమన్నాడు, ఏమనలేదు.

రెండొందల ఏళ్లుగా మనచేత ఒప్పజెప్పించుకున్నారు. ఇక మనం అడుగుదాం. ఈ ఆదివారం మీ పల్లె పిల్లలు నలుగుర్ని కూర్చోబెట్టి ఒక పాసేజీ ఇవ్వండి. జవాబులు వాళ్లచేత రాయించే ముందు, ప్రశ్నలు వాళ్లనే తయారు చేయమనండి.

జై భీమ్.