భామ నడక ఎక్కడిది?

కూచిపూడి మేళం ఆట కట్టిన రాత్రి, తెర పట్టుకున్న మనుషుల పక్కనే ఓ కుర్రాడు నిలబడి ఉండేవాడు. దివిటీల మీద గుగ్గిలం భగ్గుమనేది. సత్యభామ వేషగాడు తెర మీదుగా పొడవాటి జడ ఇవతలికి వేసేవాడు. అది పందెం. నన్ను మించిన విద్వాంసుడుంటే రావచ్చు, ఓడితే జడ కోసుకుంటానని. కుర్రాడు ఆ జడనూ, తెర వెనక కదిలే పాదాలనూ రెప్ప వేయకుండా చూసేవాడు. అడుగులు దిద్దడానికి గురువు తట్టుకర్ర ఉంది. భామ అలక నేర్పింది మాత్రం ఆ చూపే.

పదిహేడో శతాబ్దంలో భామాకలాపం కూర్చిన సిద్ధేంద్రయోగి, ఊళ్లోని భాగవతుల ఇళ్ల మగపిల్లలు ఒక్కసారైనా భామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడని ప్రతీతి. ఆడవేషం కట్టాలంటే ఆడవాళ్లను చూడాలి. పైట సర్దుకోవడం, కడవ చంకనెత్తుకోవడం, కోపమొస్తే మెడ తిప్పడం, అన్నీ అమ్మలో, అక్కలో ఉన్నవే. ఆ అక్కకూ దరువులన్నీ నోటికొచ్చు. గజ్జె కట్టే హక్కే లేదు. ఈ అన్యాయాన్ని ఒక్క వాక్యంలో దాటేసే కళాచరిత్రలంటే నాకు బాధ.

ఇరవయ్యో శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి స్త్రీలకు నేర్పి ఆ గట్టు తెంచారు. కోరాడ నరసింహారావు శిష్యురాలు ఇంద్రాణీ రెహమాన్ కూచిపూడిని విదేశాలకు తీసుకెళ్లారు. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక అడుగులు వరుసకొచ్చాయి, పాఠం తరగతి గదికి చేరింది. మరోవైపు స్త్రీవేషానికి మారుపేరైన వేదాంతం సత్యనారాయణశర్మకు 1970లో పద్మశ్రీ వచ్చింది. చినసత్యం శిష్యురాలు శోభానాయుడు సత్యభామగా దేశమంతా పేరు తెచ్చుకున్నారు. మగవాళ్లు ఇంటి ఆడవాళ్లను చూసి పట్టిన నడకను, తరాల తర్వాత ఆడవాళ్లు మగ గురువుల దగ్గర నేర్చుకుని తిరిగి తెచ్చుకున్నారు. మన కళల్లో ఇంత అందమైన అప్పు తీర్చుకోవడం మరొకటి నాకు కనిపించలేదు.

ఇప్పుడు అమెరికాలోని తెలుగు పిల్లలు ఫోనులో వీడియో చూసి జతులు సాధన చేస్తున్నారు. మంచిదే. కానీ ఫోను చూపేది ఎదుటి వైపే. తెర పక్క కుర్రాడికి పాదం నేలను తాకే ముందు మోకాలు ఎలా వంగిందో, దరువు మధ్యలో ఊపిరి ఎక్కడ తీసుకున్నారో కూడా కనిపించేది. మీ అమ్మాయికో అబ్బాయికో నాట్యం చెప్పిస్తుంటే, ఒక్క రాత్రయినా భామాకలాపానికి తీసుకెళ్లండి. వేదిక పక్కనే కూర్చోబెట్టండి.